తాళంచెవి ఎవరి దగ్గరుంది? – ఆమ్‌స్టర్‌డామ్ పాత గుడి గురించి ఒక ప్రసంగం

(మదనపల్లెలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ వందనాలు. నమస్కారం కూడా. ఎందుకు రెండూ చెప్తున్నానంటే, ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది సంఘం వాళ్లు, సగం మంది ఊరివాళ్లు అని ఇక్కడి పాస్టరు అయ్యగారు ముందే చెప్పారు. ఎవరికి ఏది అలవాటో అది తీసుకోండి.

నేను బందరు వాణ్ణి. పాత కట్టడాల మరమ్మతు నా పని. సివిల్ ఇంజినీర్నే, కాకపోతే కొత్తవి కట్టను, పాతవి పడిపోకుండా చూస్తాను. పెళ్లిచూపులప్పుడు మా మామగారికి ఈ ఉద్యోగం ఏమిటో అర్థం చేయించడానికి గంట పట్టింది. ఈ రోజు మీకు అంతసేపు చెప్పను.

నన్ను ఎందుకు పిలిచారో నాకు తెలుసు. మీ గుడిలో, అంటే ఈ చర్చిలోనే, సంగీత కచేరీ పెట్టుకోవచ్చా, రక్తదాన శిబిరం పెట్టుకోవచ్చా, పిల్లల పుస్తక ప్రదర్శన పెట్టుకోవచ్చా అని కొన్ని నెలలుగా వాదన నడుస్తోంది. నడుస్తోందా లేదా? నవ్వుతున్నారు కాబట్టి నడుస్తోంది. నేను తీర్పు చెప్పడానికి రాలేదు. నాకు ఆ అర్హత లేదు, తీర్పు చెప్పి మళ్లీ బస్సెక్కి బందరు క్షేమంగా చేరే ధైర్యమూ లేదు. ఏడు వందల ఏళ్లుగా ఇదే వాదన నడుస్తున్న ఒక గుడి గురించి మాత్రం చెప్తాను. అక్కడ ఉద్యోగం మీద మూడేళ్లున్నాను. ఆదివారాలు వెళ్లేవాణ్ణి. మామూలు రోజుల్లో టికెట్టు కొనుక్కుని వెళ్లేవాణ్ణి. అవును, టికెట్టే. ఆ కథకి వస్తాను.

డచ్చివాళ్ల దేశం నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఔదె కెర్క్ అని ఉంది. ఔదె అంటే పాత, కెర్క్ అంటే గుడి. పాత గుడి, అంతే. ఆ ఊళ్లో ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడాల్లో అన్నిటికంటే పాతది అదే. 1306లో ఉట్రెక్ట్ బిషపు వచ్చి ప్రతిష్ఠ చేశాడు. ఓడవాళ్లను కాపాడే సెయింట్ నికొలాస్ పేరు మీద. ఊరంతా ఓడల మీద బతికే ఊరు, ఆ సెయింటు కాక ఇంకెవరు? మన తీరంలో వేటకు పోయేముందు గంగమ్మను తలుచుకోరూ, అలాగ.

నేల కొలత చెప్తాను, ఇంజినీరు బుద్ధి. సుమారు 3,300 చదరపు మీటర్లు. మన లెక్కలో ఎనభై సెంట్లు. ఎనభై సెంట్ల స్థలం మొత్తం ఒకే కప్పు కింద. ఆ కప్పు లోపలివైపు రాయి కాదు, చెక్క. ఓడ అడుగుని తిరగేసి పెట్టినట్టుంటుంది. నేల మెత్తన, బరువైన రాతి కప్పు వేస్తే దిగబడిపోతుంది. అందుకని చెక్క. ఓడలు చేసే వడ్రంగులున్న ఊరికి చెక్క కప్పు ఒక లెక్కా?

ఇక కింద చూడండి. కింద అంతా సమాధులు. నేలకి పరిచినవన్నీ సమాధి రాళ్లే, సుమారు 2,500. మొదటిసారి వెళ్లినప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు నాకు. మనం సమాధి మీద కాలు పెట్టం కదా, పెడితే పెద్దవాళ్లు చెంపలేయిస్తారు. అక్కడ వేరే దారి లేదు. నేనూ వెళ్లి వెళ్లి అలవాటు పడ్డాను. ఒక రాయి మీద చిన్న ఓడ బొమ్మ, ఒకదాని మీద ఒక వ్యాపారి గుర్తు, అంటే మూటల మీద వేసుకునే మార్కు, ఒకదాని మీద నంబరు మాత్రమే. నడకదారిలో ఉన్న రాళ్ల మీద అక్షరాలు అరిగి సబ్బుబిళ్లలా నున్నగా అయిపోయాయి. గోడ పక్కనున్నవి ఇంకా చదవొచ్చు. దారిలో పడుకున్నవాడి పేరు పోయింది, మూలన పడుకున్నవాడి పేరు మిగిలింది.

ఆ సమాధుల గురించి ఎందుకింత చెప్తున్నానంటే, ఆ గుడి ఖర్చు నడిపింది అవే. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. గుడి లోపల చోటు కావాలంటే డబ్బు కట్టాలి. సమాధి అంటే ఆస్తి. కొనొచ్చు, అమ్మొచ్చు. చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు విన్నారు కదా. ఆయన భార్య సాస్కియా 1642లో చనిపోతే ఈ గుడిలోనే పెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1662లో, చేతిలో డబ్బు లేక ఆ సమాధిని అమ్ముకున్నాడు ఆయన. ఎంత పెద్ద చిత్రకారుడు! భార్య సమాధి అమ్ముకున్నాడు. ఇప్పుడు ఏటా మార్చి 9న పొద్దున్నే సూర్యుడి వెలుగు కిటికీలోంచి వచ్చి సరిగ్గా ఆ రాయి మీద పడుతుంది. ఊరివాళ్లు చలిలో వచ్చి నిలబడి చూస్తారు. మన దగ్గర అరసవల్లిలో ఆదిత్యుడి పాదాల మీద కిరణాలు పడే రోజు జనం ఎలా వస్తారో, అలాగే. అక్కడ మూలవిరాట్టు లేదు, ఒక ఇల్లాలి పేరు చెక్కిన రాయి ఉంది. అంతే తేడా.

సరే, ఇక అసలు విషయంలోకి వస్తాను. 1306 నుంచి 1578 దాకా అది కేథలిక్ గుడి. 1566లో జనం లోపల జొరబడి విగ్రహాలు పగలగొట్టారు. 1578 మే 26న ఊరి పాలనే చేతులు మారింది. పాత పాలకుల్ని పడవెక్కించి ఊరి బయటికి పంపేశారు. దెబ్బలాట పెద్దగా లేకుండానే అయిపోయింది. ఆ రోజు నుంచి ఈ గుడి రిఫార్మ్డ్ సంఘానిది. అంటే కేథలిక్కుల నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్లలో, కాల్విన్ అనే మతబోధకుడి మార్గం వాళ్లది. బలిపీఠాలు పోయాయి, మధ్యలో ప్రసంగ వేదిక వచ్చింది. ముందున్న గర్భాలయం లాంటి భాగానికి అడ్డంగా ఒక తెర ఉంటుంది, దాని మీద డచ్చిలో రెండు పాదాల పద్యం రాయించారు. దేవుని గుడిలో మెల్లమెల్లగా దూరిన చెడు వాడుకలని డెబ్భై ఎనిమిదో ఏట తీసిపారేశాం అని దాని భావం. ఇప్పటికీ ఉంది.

మెల్లమెల్లగా దూరిన చెడు వాడుకలు. ఈ మాట వినగానే మీ వాదనలో ఒక పక్షం వాళ్లు తలూపుతున్నారు, నేను చూస్తున్నాను. ఆగండి. ఆ పద్యం రాయించిన మనుషులు అదే గుడిలో ఏమేం చేశారో కూడా వినాలి మరి.

ముందుగా సంగీతం. కాల్విన్ మార్గంలో ఆరాధనలో వాయిద్యం ఉండకూడదన్నారు. దావీదు కీర్తనలు నోటితో పాడాలి, ముందు ఒకాయన ఎత్తుకుంటే జనం అందుకోవాలి, అంతే. మరి గుడిలో అంత పెద్ద ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి వాయించే వాయిద్యం, ఉంది కదా, దాన్నేం చేశారు? విగ్రహాలతో పాటు అదీ పోవాలి. పోలేదు. ఎందుకు పోలేదు? ఎవరైనా చెప్తారా? ... ఆ, ఆ వెనకాల అమ్మాయి ఏదో అంది. ఖరీదైనదనా? కొంత నిజమే. అసలు సంగతి ఏమిటంటే, ఆర్గన్ సంఘానిది కాదు, ఊరిది. నగర పాలకులది. సంఘ పెద్దలు వద్దన్నారు, నగరం ఉంచుకుంది. ఆర్గన్ వాయించే ఆయనకి జీతం ఇచ్చేది కూడా నగరమే.

ఆ ఉద్యోగి ఎవరనుకున్నారు? యాన్ పీటర్‌స్జోన్ స్వేలింక్. 1562లో పుట్టాడు, వాళ్ల నాన్న కూడా అదే గుడిలో ఆర్గనిస్టు. నలభై ఏళ్లకు పైగా అదే బెంచీ మీద కూర్చుని, 1621లో చనిపోయేదాకా వాయించాడు. ఆరాధన జరుగుతున్నంతసేపూ ఆయనకి పని లేదు. ఆరాధనకి ముందు, తర్వాత, మామూలు రోజుల్లో ఊరి జనం కోసం వాయించాలి. అంటే ఏమైందక్కడ? ఆరాధనలోంచి సంగీతాన్ని బయటికి పంపితే, అదే గుడిలో అదే కప్పు కింద అది కచేరీ అయింది. వద్దన్నందువల్లే కచేరీ పుట్టింది! జర్మనీ నుంచి కుర్రవాళ్లు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఆయన దగ్గరికి. వాళ్ల వల్లే ఉత్తర జర్మనీ ఆర్గన్ సంగీతం ఒక బాణీగా నిలబడింది. ఇంకో చమత్కారం, ఆయన జీవితమంతా కూర్చి పెట్టింది ఏమిటి? ఆ దావీదు కీర్తనలే, నూట యాభైకి నూట యాభై, నాలుగు నుంచి ఎనిమిది గొంతుల దాకా. గుడి లోపల ఆరాధనలో పాడడానికి వీల్లేని పద్ధతిలో, గుడిలో పాడే కీర్తనలు. ఆయన సమాధి కూడా అక్కడే.

ఇప్పుడున్న పెద్ద ఆర్గన్ స్వేలింక్ వాయించింది కాదు. 1726లో ఫాటర్ అనే ఆయన పూర్తి చేశాడు, తర్వాత ముల్లర్ దాన్ని బాగా మార్చాడు. నేను విన్నది ఇదే. దాని గొట్టాల కింద నిలబడితే ముందు పాదాలకి తెలుస్తుంది శబ్దం, తర్వాత చెవికి. సమాధి రాయి సన్నగా వణుకుతుంది.

తర్వాత వ్యాపారం. 1611లో ఎక్స్ఛేంజి భవనం కట్టేదాకా ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులు వీధిలో, వంతెన మీద నిలబడే బేరాలు చేసేవాళ్లు. వాన పడితే? ఆ ఊళ్లో వాన ఎప్పుడు పడదు గనక! వాన పడితే గుడిలోకి వచ్చేవాళ్లు. మిరియాలు, ధాన్యం, ఓడ అద్దె, అన్నీ అక్కడే. గుడిలో వ్యాపారం అనగానే మీకు ఏ వాక్యం గుర్తొస్తుందో నాకు తెలుసు. రూకలు మార్చేవాళ్ల బల్లలు యేసు పడదోయడం. వాళ్లకీ తెలుసు. ప్రతి ఆదివారం ఆ పుస్తకమే కదా చదివేది. అయినా సోమవారం వాన పడేది.

గోడలో పైన ఒక చిన్న గది ఉంది, ఇనప గది అంటారు. ఊరికి సంబంధించిన ముఖ్య పత్రాలన్నీ అందులో దాచేవాళ్లు. 1275లో ఆ ఊరివాళ్లకి సుంకం లేకుండా సరుకు తీసుకుపోయే హక్కు ఇచ్చారు. ఆమ్‌స్టర్‌డామ్ అనే పేరు మొదటిసారి కాగితం మీద కనిపించేది ఆ పత్రంలోనే. అది కూడా శతాబ్దాల పాటు ఆ ఇనప గదిలోనే ఉండేది. మనకి తహసీల్దారు ఆఫీసులో రికార్డు రూము ఉన్నట్టు, వాళ్లకి గుడిలో ఉంది. నిప్పు అంటుకోని చోటు, ఎవరూ ధైర్యం చేసి దొంగతనం చేయని చోటు ఊళ్లో ఇంకెక్కడుంది?

పెళ్లిళ్లు. ఇది చెప్పాలి, ఇక్కడ కుర్రవాళ్లున్నారు. మన సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు కదా, అభ్యంతరం ఉంటే చెప్పండి అని. అక్కడ ఆ పెళ్లి నమోదు ఈ గుడి పక్క గదిలో జరిగేది. దానికొక ఎర్ర తలుపు. 1634లో రెంబ్రాంట్ కూడా పెళ్లి రాయించుకోవడానికి ఆ తలుపులోంచే వెళ్లాడు. ఆ తలుపు మీద ఏం రాయించారో తెలుసా? తొందరపడి చేసుకున్న పెళ్లికి తీరిగ్గా ఏడవాలి అని! శుభమా అని పెళ్లికి పోతుంటే తలుపు మీద ఈ మాట. మనవాళ్లయితే బంతిపూల తోరణం కట్టేవాళ్లు. డచ్చివాళ్ల తత్వం అర్థం కావాలంటే ఆ తలుపు ఒక్కటి చూస్తే చాలు.

కాదు, ఇంకోటి కూడా చూడాలి. గాయకులు కూర్చునే చెక్క బల్లలు కేథలిక్ కాలం నుంచి ఉన్నాయి. వాటి అడుగున చెక్కడాలు. ముసలి గురువులు నిలబడి నిలబడి అలిసిపోతే ఆనుకోవడానికి చిన్న పీటలాంటిది ఉంటుంది, దాని అడుగున. ఒకదాంట్లో ఒకడు రెండు పీటల మధ్య కూలబడుతున్నాడు. మన రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడే వాడు. ఇంకోదాంట్లో ఒకడు... ఎలా చెప్పను, పెద్దవాళ్లు క్షమించాలి... చెంబట్టుకు కూర్చున్న భంగిమలో ఉన్నాడు, కింద నాణేలు పడుతున్నాయి. డబ్బులేమన్నా చెట్లకి కాస్తున్నాయా అని మనం అంటామే, దానికి వాళ్ల సామెత అది. గుడిలో! విగ్రహాలు పగలగొట్టినవాళ్లు దీన్ని ముట్టుకోలేదు. మరియమ్మ జీవిత దృశ్యాలున్న రంగుటద్దాలు కూడా మిగిలాయి. తీసేయాలి అని పద్యం రాయించడం ఒకటి, నిచ్చెన వేసుకుని పైకెక్కి తీయడం ఇంకోటి.

ఇదంతా చూసి నాకొక సందేహం వచ్చింది. ఆరాధనలో ఇంత పట్టింపు ఉన్నవాళ్లు, ఆ గుడిలో వర్తకులు తిరిగితే, కచేరీలు జరిగితే ఎలా ఊరుకున్నారు? పట్టింపు లేకనా? కాదు. వాళ్ల పట్టింపే దానికి కారణం. ఆ మార్గంలో రాతికి పవిత్రత లేదు. గోడకి లేదు, బల్లకి లేదు. విశ్వాసులు కూడి వాక్యం వింటే అది సంఘం. వాళ్లు లేచి ఇంటికి పోతే అది పెద్ద గది. మంచి కప్పున్న పెద్ద గది.

ఇది మనకి చెప్పడం చాలా తేలిక. ఎందుకంటే మన తెలుగులో రెండు మాటలు ముందే ఉన్నాయి. గుడి వేరు, సంఘం వేరు. ఇంగ్లీషులో రెండిటికీ చర్చి అనే అంటారు, వాళ్లకి చిక్కు. మనకి గుడి అంటే ఇటుక, సున్నం. సంఘం అంటే మనుషులు. అయితే, ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, నాకు చాలా ఇష్టమైన తిరకాసు. సంఘం అంటే ఒక్క విశ్వాసులేనా? సంఘంలో పరువు పోయింది అంటామే, అదే సంఘం? ఊరు! సమాజం! సంఘ సంస్కరణ అనగానే మీకెవరు గుర్తొస్తారు? కాల్విన్ గుర్తొచ్చాడా? కందుకూరి వీరేశలింగం గారు గుర్తొచ్చారు. ఒకే మాట. డచ్చిలోనూ అంతే. సంఘాన్ని వాళ్లు ఖెమేంటె అంటారు. మున్సిపాలిటీని కూడా ఖెమేంటె అనే అంటారు. పన్ను కట్టేదీ ఖెమేంటెకే, ఆదివారం పాట పాడేదీ ఖెమేంటెతోనే. ఇక గుడి ఎవరిది అంటే ఏమని చెప్తారు? ఖెమేంటెది. ఏ ఖెమేంటెది? అక్కడే గొడవ.

కాబట్టి నేను చూసిందేమిటంటే, గుడిలో ఏది తగును, ఏది తగదు అని వాళ్లు ఎంత వాదించుకున్నా, చివరికి తేల్చింది వేరే రెండు ప్రశ్నలు. తాళంచెవి ఎవరి దగ్గరుంది? కప్పు కారితే డబ్బు ఎవరు పెడతారు?

చూడండి. ఆర్గన్ నగరానిది, చెప్పాను. గుడి ఆస్తి చూసే కెర్క్‌మేస్టర్లు అని ఉండేవాళ్లు, వాళ్లని నియమించేది నగర పెద్దలు. 1798లో కొత్త రాజ్యాంగం వచ్చి గుడిని, ప్రభుత్వాన్ని విడదీసినప్పుడు, ఆ దేశంలో చర్చి గోపురాలు ఊళ్లకి ఇచ్చేశారు. గుడి సంఘానిది, గంటల గోపురం మున్సిపాలిటీది! గంట కొట్టి గంటలు చెప్పాలి, నిప్పంటుకుంటే చెప్పాలి, శత్రువు వస్తే చెప్పాలి. అది ఊరి పని అని. ఇప్పటికీ ఔదె కెర్క్ గోపురం నగరానిదే. ఒకే కట్టడం, గోడకి ఇటు ఒక యజమాని, అటు ఇంకో యజమాని. మన దగ్గర అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే ఉమ్మడి గోడ మీద పెచ్చులూడితే ఎవరూ సిమెంటు వేయరు చూడండి, అలాంటి పరిస్థితి రాకుండా వాళ్లెలా చూసుకున్నారా అనిపిస్తుంది.

రాకుండా ఏమీ లేదు. వచ్చింది. సమాధుల రాబడి గుర్తు పెట్టుకోమన్నాను కదా. 19వ శతాబ్దంలో గుడి లోపల పాతిపెట్టడం ఆగిపోయింది, ఆరోగ్యం దృష్ట్యా. మంచిదే. గుడికి మాత్రం వందల ఏళ్ల రాబడి పోయింది. సంఘం చిన్నదైపోతోంది, కప్పు మాత్రం ఎనభై సెంట్లే. తగ్గదు కదా! 1951కి కూలిపోయే ప్రమాదం ఉందని తలుపులు మూసేశారు. ఊళ్లోకెల్లా పాత కట్టడం, మూత. 1955లో ఒక ఫౌండేషన్ పెట్టి దానికి అప్పగించారు. సంఘం ఆస్తి వదులుకుంది, ఆరాధన హక్కు ఉంచుకుంది. మరమ్మతు ఎంతకాలం పట్టిందనుకున్నారు? 1979 దాకా. ఇరవై నాలుగేళ్లు. మా కాంట్రాక్టర్లకి ఈ సంగతి చెప్పకండి.

అప్పటినుంచీ ఏర్పాటు ఇది. గుడి ఫౌండేషన్‌ది. అది మ్యూజియంలా నడుపుతుంది. కచేరీలు, కళాప్రదర్శనలు, విందులు కూడా. అందుకే టికెట్టు. ఆదివారం పొద్దున సంఘం ఆరాధన, దానికి టికెట్టు లేదు.

ఒక ఆదివారం చెప్తాను. జనవరి. బయట చలి, లోపల ఇంకా చలి. పాడుతుంటే పాటతో పాటు నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఎనభై సెంట్ల గదిలో అరవై డెబ్భై మందిమి ఒక మూల దగ్గర దగ్గరగా కూర్చున్నాం. వాకిలి దాటితే డి వాలెన్, ఆ ఊరి రెడ్ లైట్ వీధులు. గుడి చుట్టూ అవే కిటికీలు. ఆ గుడి ముందే, 2007లో పెట్టిన ఒక కంచు బొమ్మ ఉంటుంది, గుమ్మంలో నిలబడ్డ ఒక స్త్రీది. ప్రపంచమంతా ఉన్న ఆ వృత్తి స్త్రీలని గౌరవించండి అని దాని కింద రాసి ఉంది. ఎవరూ దాన్ని అక్కణ్నుంచి తీయమనలేదా అని ఒక పెద్దావిడని అడిగాను. ఆవిడ నా వైపు వింతగా చూసి, వాళ్లు మా పొరుగువాళ్లు కదా అంది. ఆరాధన అయ్యాక కాఫీ. థర్మాస్ ఫ్లాస్కులు పెట్టిన బల్ల ఎవరి సమాధి మీద ఉందో వంగి చూశాను. పేరు అరిగిపోయింది. కప్పులు కడగడానికి నన్నూ పిలిచారు. మనిషి కొత్తా పాతా అని లేదు, చేతులుంటే చాలు. కప్పులు తుడుస్తుండగానే వెనక నలుగురు కుర్రవాళ్లు కుర్చీలు మడుస్తున్నారు. కాసేపట్లో సందర్శకులు వచ్చేస్తారు. మన కల్యాణ మండపంలో ఒక పెళ్లివారు ఆకులెత్తుతుండగా ఇంకో పెళ్లివారు బ్యాండుతో దిగుతారు చూడండి, అదే హడావిడి. కాకపోతే నిశ్శబ్దంగా.

మరి అంతా బాగుందా? ఎవరికీ కోపం రాలేదా? వచ్చింది. 2018లో ఒక ఇటలీ కళాకారుడు కిటికీలన్నిటినీ ఎర్రగా చేసి గుడి మొత్తాన్ని ఎర్రటి వెలుగులో ముంచాడు. అది కొన్ని నెలల ప్రదర్శన, అయిపోయింది. ఒక చిన్న ప్రార్థనాలయం కిటికీకి మాత్రం ఎర్ర అద్దం ఉంచేద్దామన్నారు. అక్కడ గొడవ మొదలైంది. బయట ఎర్ర దీపాల వీధి, లోపల ఎర్ర కిటికీ, ఇదేం హాస్యం అన్నారు కొందరు. వారసత్వ కట్టడంలో పాత అద్దం మార్చే హక్కు ఎవరిచ్చారు అన్నారు ఇంకొందరు. నన్నడిగితే, రెండోవాళ్లతో నేను ఏకీభవిస్తాను. ప్రదర్శన పెట్టుకో, పొద్దున్నే తీసేయి. కుర్చీ తీసినట్టు తీయగలిగితే ఏదైనా పెట్టుకో. తీయలేనిది పెట్టాలంటే మాత్రం వందసార్లు ఆలోచించు. ఇది ఇంజినీరు మాట. దైవశాస్త్రం కాదు.

ఇదంతా ఆమ్‌స్టర్‌డామ్ సంగతి, మదనపల్లెకేం సంబంధం అని ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నాను. ఎవరూ అడగలేదు, మర్యాదస్తులు. నేనే చెప్తాను. ముందు మా బందరు. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టింది, మూడు నాలుగేళ్లకే, 1605-06లో, బందరులో దిగారు. మన కలంకారీ బట్టలు కొనడానికి. ఔదె కెర్క్ నుంచి ఆ కంపెనీ భవనం కొద్ది నిమిషాల నడక. గుడిలో హేమ్స్‌కెర్క్ అనే ఓడ కెప్టెన్ సమాధి ఉంది, 1607లో జిబ్రాల్టర్ దగ్గర యుద్ధంలో పోయినాయన. అంతకుముందు తూర్పు దేశాల ఓడలు నడిపినాయనే. ఆ రాయి ముందు నిలబడితే నాకు బందరు కోట దగ్గర డచ్చివాళ్ల సమాధులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఆ రాళ్ల మీద డచ్చి అక్షరాలని వేళ్లతో తడిమేవాళ్లం. ఏమీ అర్థమయ్యేది కాదు. నలభై ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఇప్పుడు మదనపల్లె. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి అమెరికా పోయిన డచ్చివాళ్లు న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అనే ఊరు పెట్టారు. ఇప్పటి న్యూయార్కు. 1628లో అక్కడ సంఘం మొదలైంది. ఎక్కడ? ఒక మర మీది గదిలో. కింద యంత్రం తిరిగేది, పైన ఆరాధన. చాలాకాలం ఆ సంఘాలకి పాస్టర్ల సంగతి చూసింది ఆమ్‌స్టర్‌డామ్ పెద్దలే. ఆ శాఖ నుంచే 1853లో ఆర్కాటు మిషన్ పుట్టింది. ఆ మిషన్ తరఫునే డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ మీ ఊరు వచ్చారు. ఆయన వచ్చేనాటికి వాళ్ల చర్చి పేరులో ఇంకా డచ్ అనే మాట ఉంది. 1867లో తీసేశారు. ఆయన వైద్యం చేశారు, తెలుగు బైబిలు సవరణలో పనిచేశారు, ఇక్కడే 1908లో కన్నుమూశారు. ఆయన ఉపన్యాసాలు ఎక్కువగా ఎక్కడ జరిగాయి? గుడిలోనా? సంతలో, రచ్చబండ దగ్గర, ఊరి గుమ్మంలో. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆర్కాటు సంఘాలు అందులో కలిశాయి. అంటే వరస చూస్తే, ఆ ఎర్ర తలుపు గుడి మీకు ముత్తవ్వ లాంటిది. చూడని ముత్తవ్వ.

ఇందాక టీ తాగుతుంటే ఒక పెద్దాయన నా చెవిలో ఒక మాట అన్నారు. పేరు చెప్పను. బాబూ, మా భయం కచేరీ కాదు. ఇవాళ రక్తదానం అంటారు, రేపు పుట్టినరోజు అంటారు, ఎల్లుండి డీజే అంటారు, అన్నారు. ఆ భయం నిజమైన భయం. నేను పనిచేసిన ఒక ఊళ్లో, ఊరి పేరు వద్దు, పాత గుడి ఆవరణ ఫంక్షన్లకిచ్చి, షామియానా కట్టడానికి వందేళ్ల గోడలో మేకులు కొట్టించారు. పగుళ్లు నేనే లెక్కపెట్టాను, పద్నాలుగు. ఆ డబ్బు గుడి కప్పుకి వెళ్లిందా అంటే, కప్పు ఇంకా కారుతోంది. అందుకని ఆ పెద్దాయనకి నేనన్నది ఇదే. అయ్యా, ఏం పెట్టుకోవచ్చు అనే జాబితా తర్వాత రాసుకోండి. ముందు తాళంచెవి ఎవరిదో, వచ్చిన రూపాయి ఏ డబ్బాలో పడుతుందో, గోడకి మేకు కొట్టనివ్వకుండా చూసేది ఎవరో, ఆ మూడూ రాసుకోండి. ఆయన ఇంకా ఆలోచిస్తున్నట్టున్నారు, ముందు వరసలోనే ఉన్నారు.

కప్పు చూశాను నేను, పొద్దున పైకెక్కి. తూర్పు వైపు రెండు దూలాలకి చెద పట్టింది. మిగతాది గట్టిగానే ఉంది. అంచనా కాగితం అయ్యగారికి ఇచ్చాను, దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు.

ప్రశ్నలుంటే బయట మాట్లాడుకుందాం. ఏడింటికి ఇక్కడ క్వయిరు ప్రాక్టీసట, వాళ్లు వాకిట్లో నిలబడి నా వైపే చూస్తున్నారు. వెళ్లేటప్పుడు మీ మీ కుర్చీ మీరే మడిచి ఆ గోడవారగా పెట్టండి. గోడకి ఆనించకండి, సున్నం ఊడుతుంది.